చివరి వరుస నల్ల మాత్రలు

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
ఆగస్టు 11

దేవమణి పిన్నికి మీనాకుమారి నమస్కారాలు.

మీరు నర్సు ఉద్యోగం నుంచి రిటైరై కాకినాడ వెళ్ళి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఒక్క ఉత్తరం రాయనిది ఇప్పుడెందుకు రాస్తోందా అనుకుంటారు. పని పడింది కనుక రాస్తున్నాను. అబద్ధం ఎందుకు?

ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో కుదరదు. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, అత్తగారు "పీకర్ ఎట్టమ్మా, నానూ ఇంటాను" అంటారు. వాట్సాప్ మీరు వాడరు. ఉత్తరమైతే భయం లేదు. మా ఆయన కిరణ్‌కుమార్ చదివింది హిందీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడతాడు గాని అచ్చులూ హల్లులూ తెలియవు. అత్తగారికైతే అసలు చదువే రాదు. కరెంటు బిల్లు, బస్సు బోర్డు, మందుల చీటీ అన్నీ నన్నే చదవమంటారు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అదీ చిన్నప్పుడు మీ పక్క క్వార్టర్లో ఉండి, మీ చేత చెవి మెలిపెట్టించుకుని నేర్చుకున్నందుకు.

సంగతి ఏమిటంటే, నేను అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష పాసయ్యాను. రైలు నడిపే ఉద్యోగం పిన్నీ! ఇంకా మెడికల్ ఉంది. అందులో ముఖ్యంగా కళ్ళు చూస్తారు. ఆ తర్వాత శిక్షణకు పిలుస్తారు. ఆరు నెలలకు పిలవొచ్చు, ఏడాదికీ పిలవొచ్చు. పిలిచేసరికి కడుపుతో ఉంటే అప్పటికి అన్‌ఫిట్ అని రాసి పక్కన కూర్చోబెడతారట. బ్యాచ్ వెళ్ళిపోతుంది. నాకు ఇరవై తొమ్మిది నిండాయి. ఇంకో బ్యాచ్ కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు.

పెళ్ళయి రెండేళ్ళు. అత్తగారు నెలనెలా నా తేదీ గుర్తుపెట్టుకుని మరీ, గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా "ఏటమ్మా, ఈ నెలా అంతేనా?" అని అడుగుతారు. పిల్లలు ఇప్పుడే వద్దని మా ఆయన ఒప్పుకున్నాడు. "అమ్మకి మాత్రం నువ్వే సెప్పుకో" అన్నాడు. రైల్వే వర్క్‌షాప్‌లో బోగీ చక్రాలు విప్పి బిగించే మనిషి, అమ్మ దగ్గర నోరు మాత్రం విప్పడు.

ఇక అడగవలసింది మాత్రల గురించి. ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చేవి ఉన్నాయి. ప్రేమ్ బజార్‌లో నెలకు మూడు వందల అరవై పెట్టి కొనేవి ఉన్నాయి. ఊరికే ఇచ్చేదాన్ని నమ్ముకుని ఉద్యోగం పోగొట్టుకుంటానేమోనని భయం. ఏవి వేసుకోమంటారు?

మీ మీనా

కాకినాడ
ఆగస్టు 24

చిరంజీవి మీనాకుమారికి దీవెనలు.

ఉత్తరం అందింది. పాసైనందుకు సంతోషం. నీ అక్షరాలు ఇంకా కుడి పక్కకు వాలుతున్నాయి.

ముందు డాక్టరు దగ్గర బీపీ చూపించుకో. తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు వస్తాయా, నీకు గాని మీ ఇంట్లో ఎవరికి గాని కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇవేమీ లేవంటే చౌకవే వేసుకో. ముప్పై ఏళ్ళు వాటిని పంచినదాన్ని. రెండూ చేసే పని ఒకటే. ఖరీదైన వాటిలో మందు రకం కొంచెం వేరు. కొందరికి మొటిమలూ ఒంటికి నీరు పట్టడమూ తక్కువగా ఉంటాయి. మిగతా డబ్బు డబ్బా మీద బొమ్మకి.

ఊరికే ఇచ్చేదాన్ని నమ్మనన్నావు. మీ మామగారు నూకరాజు గారు ఉన్నన్నాళ్ళూ ఊరికే ఇచ్చిన రైల్వే పాసు మీదే పూరీ వెళ్ళివచ్చారు. ఏ రైలైనా ఆయన్ని సగంలో దింపేసిందా?

ప్యాకెట్‌లో ఇరవై ఎనిమిది ఉంటాయి. ఇరవై ఒకటి తెల్లవి. చివరి వరుసలో ఏడు నల్లవి. అవి ఇనుము మాత్రలు, రక్తానికి మంచివి. అవి కూడా తిను. రోజూ భోజనం అయ్యాక, ఒకే వేళకి. మరచిపోయే మనిషికి బంగారంతో చేసి ఇచ్చినా పనిచేయదు.

మీ అత్తగారి చదువు సంగతి నేను మాట్లాడను. అప్పలనర్సమ్మను నేను చాలాకాలంగా ఎరుగుదును.

ఇట్లు,
దేవమణి

తా.క. ఉత్తరం ఎవరిదని మా అక్క జ్ఞానరత్నం అడిగింది. సండే స్కూలు పిల్ల రాసిందని చెప్పాను. ఈ వయసులో నాచేత అబద్ధం ఆడించావు.

తాల్‌బగీచా
సెప్టెంబరు 29

పిన్నికి నమస్కారాలు.

బీపీ బాగుంది. మెరుపులూ గడ్డలూ లేవు. చౌకవే తెచ్చుకున్నాను. తెచ్చుకోవడం మాత్రం చౌకగా కాలేదు.

ఆరోగ్య కేంద్రం కిటికీలో డయానా గారు కూర్చుంటారు. మీకు తెలిసే ఉంటుంది, మీ చర్చిలో ముందు వరసలో నిలబడి పాడతారు. అదే గొంతుతో "ఎవరికమ్మా?" అన్నారు. నా వెనక మా వీధివాళ్ళు నలుగురు ఉన్నారు. వెనక్కి తిరిగి వాళ్ళను చూశాను. చివరికి "మా స్నేహితురాలికి" అన్నాను. "పేరు చెప్పు, రాసుకోవాల" అన్నారు. కోచింగ్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు నోటికొచ్చింది. నీలవేణి అన్నాను. రాసుకున్నారు. నీలవేణికి ఇంకా పెళ్ళి కాలేదు పిన్నీ.

ప్యాకెట్‌ను నా జనరల్ సైన్స్ గైడులో దాచాను. మీ ఉత్తరాలూ అందులోనే. అత్తగారు పుస్తకాల జోలికి రారు.

మొదటి పది రోజులూ కడుపులో తిప్పింది. అత్తగారు అల్లం ముక్క ఉప్పులో అద్ది ఇచ్చి, "నెల్లాళ్ళు అలగే ఉంటాదిలే" అన్నారు. ఆవిడకు పైత్యం గురించి బాగా తెలుసు. తర్వాత గడ్డం మీద మూడు మొటిమలు వచ్చాయి. ఊరికే ఇచ్చినవి కదా, అందుకే అనుకున్నాను.

అందుకని సైకిలేసుకుని ప్రేమ్ బజార్ వెళ్ళాను. అక్కడ కాలేజీ పిల్లలు వీటిని బిస్కెట్ల మాదిరి అడిగి కొనుక్కుంటున్నారు, షాపులో బెంగాలీ దాదా తలెత్తి కూడా చూడడు. "దీదీ, కొమ్ దామేర్ నా బేషి దామేర్?" అన్నాడు. చౌకదా, ఖరీదుదా అని. ఖరీదుది చూపించమన్నాను. డబ్బా మీద పువ్వు ఉంది, లోపల పెట్టుకోవడానికి చిన్న సంచీ కూడా ఇస్తారట. కొనలేదు. చూసి వచ్చాను. కొననా?

మీ మీనా

కాకినాడ
అక్టోబరు 12

చిరంజీవి మీనాకు దీవెనలు.

కొనకు. మూడు నెలలు ఆగు. తిప్పడమూ మొటిమలూ మామూలుగా ఆ లోపు తగ్గుతాయి. తగ్గకపోతే డాక్టరును అడిగి మార్చుకో, తప్పులేదు. ఒంటికి పడనందుకు మార్చుకోవడం వేరు, సిగ్గు పడలేక మార్చుకోవడం వేరు. నువ్వు ప్రేమ్ బజార్‌లో చూసి వచ్చింది మాత్రను కాదు. తలెత్తి చూడని మనిషిని.

నీలవేణి సంగతి నాకు నచ్చలేదు. ఆ పిల్ల ఏ పాపం ఎరగకుండా రిజిస్టర్‌లో ఉంది. ఏడాదికి పదమూడు ప్యాకెట్లు ఆమె పేరున పోతాయి.

ఇట్లు,
దేవమణి

తాల్‌బగీచా
డిసెంబరు 20

పిన్నికి నమస్కారాలు.

మీరు అన్నట్టే అన్నీ తగ్గాయి. మొటిమలు పోయాయి. మీ మాట నిజమైనందుకు కొంచెం కోపంగా కూడా ఉంది.

ఇంకొక సంగతి. నల్ల మాత్రలు నేను తినడం లేదు. తిడతారని చెప్పలేదు. ఒకటి తింటే రెండు రోజులు నోరంతా ఇనుప వాసన. అందుకని తెల్లవి వేసుకుని, నల్లవి ప్యాకెట్‌లోనే వదిలేసి గైడులో పెడుతున్నాను. పారేద్దామంటే చెత్తబుట్ట అత్తగారు చూస్తారు. మొన్న పాత ప్యాకెట్లు సర్దుతుంటే ఒక్క నల్ల మాత్రా లేదు. మూడు ప్యాకెట్లూ ఖాళీ.

మా ఇంట్లో ఎలుక ఉంది, నిజమే. ఎలుక ఇనుము తింటుందా?

అత్తగారు ఈ నెలా గుమ్మంలో నిలబడి అడిగారు. ఈసారి పక్కింటావిడ కూడా బయటికి వచ్చి వింది. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఉల్లిపాయలు కోస్తున్నానని అనుకున్నట్టున్నారు, రెండు చాలన్నారు.

మీ మీనా

కాకినాడ
జనవరి 3

చిరంజీవి మీనాకు.

ఎలుక రేకును కొరుకుతుంది. వేలు పెట్టి ఒక్కొక్క మాత్రా నొక్కి బయటికి తీయదు. తీసినా ప్యాకెట్‌ను మళ్ళీ అదే పేజీలో పెట్టదు.

ఇంతకంటే నేను చెప్పను. నల్లవి నువ్వే తిను.

ఇట్లు,
దేవమణి

తాల్‌బగీచా
ఫిబ్రవరి 15

పిన్నికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎలుక గురించి మీకు ఇంత తెలుసని నాకు తెలియదు. బహుశా మా ఆయనేమో. అడిగితే "నాకేటి తెలుసు, నాను ఇనుము డ్యూటీలో సూసేది సాలదా?" అన్నాడు.

మెడికల్ మార్చి నెలాఖరున. పాసైతే మేలో శిక్షణ. ఇప్పుడే నాకు అసలైన భయం పట్టుకుంది. మా వీధి చివర ఒకామె ఊరికే ఇచ్చిన మాత్రలు వేసుకుంటూనే కవలల్ని కన్నదట. అందరూ చెప్పుకుంటున్నారు. మీకు కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాను, నేను ప్రేమ్ బజార్ వెళ్ళి ఖరీదువి కొన్నాను. పాత ప్యాకెట్ అయిన మర్నాడే మొదలుపెట్టాను, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఇవ్వలేదు. ఇందులో ఇరవై ఒకటే ఉంటాయి, ఆ తర్వాత వారం రోజులు ఏమీ వేసుకోనక్కర్లేదు. నల్లవి లేనే లేవు. ఎలుక పస్తు.

అత్తగారు ఈసారి అమ్మవారి మాత పూజకి ఘటం ఎత్తుతానని మొక్కుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో అడుగు తీసి అడుగు వేయలేని మనిషి, నెత్తిన ఘటంతో నడుస్తారట. దేనికని అడిగితే "మాతకీ నాకూ మద్దెన ఉన్నాది" అన్నారు. దేనికో వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆవిడ ఆ మోకాళ్ళతో మనవడి కోసం నడుస్తుంటే నేను గైడులో డబ్బా దాచుకుంటున్నాను. మోసం చేస్తున్నట్టే ఉంది పిన్నీ. అలా అని మానలేను.

మీ మీనా

కాకినాడ
మార్చి 1

చిరంజీవి మీనాకు.

కోపం రాలేదు. డబ్బు నీది.

ఆ కవలల తల్లి మాత్రలు వేసుకుందా, తెచ్చి పెట్టెలో పెట్టుకుందా? కనుక్కుని రాయి. నా అనుభవంలో పెట్టెలో పెట్టుకున్నవారే ఎక్కువ.

మీ అత్తగారితో ఒకసారి నోరు విప్పి మాట్లాడు. నేను చెప్పగలిగింది ఇంతే.

ఇట్లు,
దేవమణి

తాల్‌బగీచా
ఏప్రిల్ 14

పిన్నీ,

నేను మెడికల్ పాసయ్యాను. ఈ మాట ముందు రాయాలని రాస్తున్నాను, ఎందుకంటే మిగతా ఉత్తరమంతా వేరే సంగతి.

మాత పూజ అయింది. అత్తగారు ఘటం ఎత్తి నడిచారు, దారిలో రెండుసార్లు ఆగారు. మొన్న ఆదివారం ఆవిడ కాళ్ళకు ఆవనూనె రాసుకుంటున్నారు, నేను వంటింట్లో ఎండుచేపలు కడుగుతున్నాను. అక్కడి నుంచే కేకేశారు.

"ఏటమ్మా, రెణ్ణెల్లయి నల్లవి లేవేటి?"

"ఏం నల్లవి అత్తమ్మా?"

"మాత్రలు. డబ్బా మారిపోనాది. పువ్వు బొమ్మది. అందులో ఇరవై ఒకటే ఉన్నాయి. నల్లవేవి?"

నా చేతిలో చేప నీళ్ళలో పడిపోయింది. తిడతారనుకున్నాను. పుట్టింటికి పొమ్మంటారనుకున్నాను. ఆవిడ నూనె రాసుకుంటూనే ఉన్నారు.

"ఎలక కాదు, నానే. మీ నర్సమ్మ రాసినాది కదా, ఎలక యేలెట్టి నొక్కదని. దానికెప్పుడూ బుర్ర ఎక్కువే."

"మీకు చదువొచ్చా!" అన్నాను. పిన్నీ, మాత్రల సంగతి పోయి నా నోట ముందు అదే వచ్చింది.

"తెలుగు బళ్ళో ఏడు దాకా సదివినాను. బస్సు మీద బెంగాలీ, బిల్లు మీద బెంగాలీ, మందుల సీటీ ఇంగిలీసు. అయి నాకు రావు, నిన్ను సదవమన్నాను. తెలుగుది ఎప్పుడన్నా నా సేతికిచ్చి సదవమన్నావేటి?"

ఇవ్వలేదు పిన్నీ. రెండేళ్ళలో ఒక్క కాగితం ఇవ్వలేదు. చీటీలు చదవలేరు కాబట్టి చదువే రాదనుకున్నాను. మా ఆయనా అలాగే అనుకున్నాడు. ఆయనకు ముప్పై ఏళ్ళు.

"మరి నెలనెలా గుమ్మంలో నిలబడి అడిగేవారు కదా?"

"నానడిగితే ఇంకొకలు అడగరు. నానూరుకుంటే ఈదిలో ఆళ్ళందరూ నిన్ను నిలబెట్టి అడుగుతారు. ఒక్కదాని సేత అడిగించుకోడం నయం కాదేటి?"

"మరి ఘటం?"

"నీ కళ్ళకి. మెడికల్లో కళ్ళే సూస్తారని రాసినావు కదా. పోస్టు సేసే ముందు నీ ఉత్తరాలూ ఆ గైడులోనే ఉంటాయి."

చేప చేతులతోనే ఏడ్చాను. నల్లవి ఎందుకు తిన్నారని అడిగాను. "పారేస్తావేటి మరి? నా వంతు ఏడూ నన్ను తిననియ్యలేదు" అన్నారు. ఎవరు తిననివ్వలేదంటే "నర్సమ్మని అడుగు. నాను సెప్పమన్నానని సెప్పు" అని నూనె సీసా మూత పెట్టి లేచి వెళ్ళిపోయారు.

అడుగుతున్నాను. ఏమిటిది?

మీనా

కాకినాడ
ఏప్రిల్ 25

చిరంజీవి మీనాకు దీవెనలు.

మీ అత్తగారు చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. లేకపోతే నాతోనే పోయేది. రోగి సంగతి బయట చెప్పకూడదు, అది మా పని పద్ధతి. నీ మొదటి ఉత్తరం చూసిన రోజే నాకు అప్పలనర్సమ్మ గుర్తొచ్చింది. అయినా రాయలేదు.

1994లో వర్క్‌షాప్‌లో పనిచేసే ఆమె తండ్రి పోయాడు. ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి ఇస్తారు. తమ్ముడు చిన్నవాడు, ఈమె పెద్దది. ఖలాసీగా చేరడానికి ఈమెకే పిలుపు వచ్చింది. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. నా దగ్గరికి వచ్చి, తలుపు వేయమని, చౌక ఖరీదు అనే మాట లేకుండా ఏదో ఒకటి ఇవ్వమంది. ఈ ప్యాకెట్టే ఇచ్చాను. ఇరవై ఒకటి తెల్లవి, ఏడు నల్లవి.

మూడో వారంలోనే ఆ ప్యాకెట్ ఆమె అత్తగారికి దొరికింది. మగపిల్లాడు పుట్టకుండా చేస్తోందని బొగ్గుల పొయ్యిలో పడేసింది. ఏడాది తిరక్కుండా మీ ఆయన పుట్టాడు. పిలుపు గడువు దాటిపోయింది. తమ్ముడికి వయసు రాగానే ఉద్యోగం అతనికి ఇచ్చారు. అతను ఇప్పుడు అక్కడే ఫోర్‌మన్.

పొయ్యిలో పడేసిన మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. ఇంకో ప్యాకెట్ ఇస్తానన్నాను. దాచుకునే చోటు లేదంది. నేను అప్పుడే వాళ్ళింటికి వెళ్ళి ఆ ముసలావిడతో మాట్లాడవలసింది. కొత్త ఉద్యోగం, నాకెందుకులే అనుకున్నాను. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

చౌకవా, ఖరీదువా అని ఆగస్టులో అడిగావు. ఇక నీ ఇష్టం. రెండూ పనిచేస్తాయి. చౌకవాటిలో ఏడు ఎక్కువ వస్తాయి, తినే మనిషి మీ ఇంట్లో ఉంది.

దేవమణి

తాల్‌బగీచా
జూన్ 22

దేవమణి నర్సమ్మకి అప్పలనర్సమ్మ నమస్కారం.

ముప్పై ఏళ్ళయి కలం పట్టలేదు. అక్షరాలు ఎలగున్నా సర్దుకో. నా కోడలివి వాలుతున్నాయని రాసినావు, నాయి పడుకున్నాయి.

పిల్ల మేలో ట్రైనింగుకి ఎల్లింది. హాస్టల్లో ఉంటన్నాది. మా వోడికి రైల్వే పాసు ఉన్నాది కదా, వారం వారం ఎల్తన్నాడు. అందుకని మాత్రలు మానొద్దని నానే సెప్పినాను. పువ్వు డబ్బా వొద్దన్నాది. పాతయే బాగున్నాయన్నాది. అక్కడ దానికి సెలవు దొరకదు, లైన్లో నిలబడలేదు. నాను తెచ్చి వోడి సేత పంపుతాను అన్నాను. తెల్లవి దానికి, నల్లవి ఏడూ కత్తిరించి నాకు. నువ్వు అప్పుడు ఇంటికి రాలేదని రాసినావు. వచ్చినా మా అత్త నిన్నూ తిట్టేది. ఆ మాట ఒగ్గెయ్.

నిన్న ఆరోగ్య కేంద్రం ఎల్లినాను. ముందు నీలవేణి పేరు కొట్టించినాను. ఆ పిల్లకి సంబంధాలు సూస్తన్నారంట, పాపం. తరవాత మాత్రలు అడిగినాను. నా యెనక మా ఈది ఆడోళ్ళు ఆరుగురు ఉన్నారు. డయానా కళ్ళద్దాలు పైకెత్తి నన్ను సూసినాది. నాకు యాభై ఎనిమిది, జుట్టు తెల్లబడిపోనాది, మోకాళ్ళకి గుడ్డ కట్టుకుని ఉన్నాను.

"ఎవరికమ్మా?" అన్నాది, అదే గొంతుతో.

"నాకే" అన్నాను.

రాసుకున్నాది.

అప్పలనర్సమ్మ